వసంతకాలపు వారపు వాతావరణ సూచన: కర్నూలు, కడప ప్రాంతాల్లో అన్వయం

మార్చి, ఏప్రిల్ నెలల్లో కర్నూలు, కడప ప్రాంతాల్లో పంటలన్నీ ఒకే దశలో ఉండవు. కల్లాల్లో మిరప ఎండుతూ ఉంటుంది. బోరుబావుల కింద రబీ వేరుశనగ పీకుడుకు వస్తుంది. కర్నూలు-కడప కాలువ కింద నీరందిన చోట వరి పూత, గింజ దశల్లో ఉంటుంది. పులివెందుల ప్రాంతపు అరటి గెలలతో బరువెక్కి ఉంటుంది. మామిడి, చీనీ తోటల్లో పిందె నిలవవలసిన కాలం కూడా ఇదే. రాబోయే వారపు వాతావరణ సూచన వీటన్నిటికీ అవసరమే. అయితే ఆ సూచనలోని అంశాలన్నిటికీ ఒకే స్థాయి విశ్వసనీయత ఉండదు. ఈ తేడాను గుర్తించి వాడుకున్నప్పుడే సూచన వల్ల పూర్తి ప్రయోజనం కలుగుతుంది.

సూచనలోని అంశాలు

భారత వాతావరణ శాఖ రాబోయే ఐదు రోజుల సూచనను జిల్లాల వారీగా అందిస్తుంది. వర్షపాతం, గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, ఉదయం, మధ్యాహ్నపు గాలిలో తేమ, గాలి వేగం, దిశ, మేఘావరణం ఇందులో ఉంటాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వీటికి పంటల సలహాలు జోడించి ప్రతి మంగళ, శుక్రవారాల్లో బులెటిన్ విడుదల చేస్తారు. ఐదు రోజులకు మించిన ధోరణిని తెలిపే విస్తృత కాల సూచన ప్రతి గురువారం వెలువడుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో నంద్యాల, అన్నమయ్య జిల్లాలు ఏర్పడ్డాయి. అందువల్ల రైతులు తమ ప్రస్తుత జిల్లా బులెటిన్‌నే చూడాలి.

ఉష్ణోగ్రత: ముందుగా తెలిసేది

పగటి వేడి విశాలమైన భూభాగంపై ఒకే తీరున పెరుగుతుంది, తగ్గుతుంది. అందువల్ల ఉష్ణోగ్రత సూచనను మూడు, నాలుగు రోజుల ముందు నుండే నమ్మకంతో వినియోగించుకోవచ్చు. అయితే ఇక్కడ ఒక పొరపాటుకు అవకాశం ఉంది. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు లేదా అంతకు మించి పెరిగినప్పుడు, లేదా 45 డిగ్రీలు చేరినప్పుడు వడగాలులుగా పరిగణిస్తారు. ఏప్రిల్‌లో కర్నూలు, కడపల సాధారణ గరిష్ఠమే 40 డిగ్రీలకు చేరువగా ఉంటుంది. కాబట్టి 42 డిగ్రీల రోజున కూడా బులెటిన్‌లో వడగాలుల హెచ్చరిక ఉండకపోవచ్చు.

పంటల సహనపరిమితి ఇంతకంటే తక్కువ. వరి పూత విచ్చుకునే ఉదయపు వేళల్లో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు మించితే పరాగసంపర్కం దెబ్బతిని తాలు గింజలు పెరుగుతాయి. చీనీ, మామిడిలో వేడికి నీటి ఎద్దడి తోడైతే పిందె రాలుతుంది. కనుక హెచ్చరిక లేదని ఊరుకోక, సూచనలోని అంకెను చూసి తడుల వ్యవధి తగ్గించుకోవాలి. తోటలకు ఉదయం లేదా సాయంత్రం నీరివ్వాలి. పాదుల్లో వేరుశనగ పొట్టు, ఎండుగడ్డి వంటివి పరిస్తే తేమ నిలుస్తుంది.

ఉరుముల వాన: చోటు తెలియనిది

వసంతంలో వాయవ్యం నుండి వచ్చే పొడిగాలి, బంగాళాఖాతం నుండి వచ్చే తేమగాలి దక్కన్‌పై కలిసే చోట ఉత్తర దక్షిణాలుగా ద్రోణి ఏర్పడుతుంది. ఉదయమంతా కాగిన నేల నుండి లేచిన వేడిగాలికి ఈ తేమ తోడై మధ్యాహ్నానంతరం క్యుములోనింబస్ మేఘాలు కమ్ముకుంటాయి. ఒక్కొక్క మేఘం విస్తృతి కొద్ది కిలోమీటర్లే. ఆయుష్షు సాధారణంగా గంటకు అటూ ఇటూ. 2025 మేలో ప్రవేశపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గ్రిడ్ పరిమాణాన్ని 12 నుండి 6 కిలోమీటర్లకు తగ్గించింది. అయినా ఏ గ్రామంపై మేఘం కురుస్తుందో ఐదు రోజుల ముందు చెప్పడం సాధ్యం కాదు.

అందుకే బులెటిన్‌లోని మాటలకు నిర్దిష్టమైన అర్థాలున్నాయి. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతపు కేంద్రాల్లో 25 శాతం వరకు, ‘కొన్ని చోట్ల’ అంటే 26-50 శాతం, ‘చాలా చోట్ల’ అంటే 51-75 శాతం, ‘దాదాపు అన్ని చోట్ల’ అంటే 76 శాతం, ఆపైన కేంద్రాల్లో వర్షం పడవచ్చని భావం.

ఒకే సూచన, రెండు నిర్ణయాలు

‘ఒకటి రెండు చోట్ల వర్షం’ అన్నప్పుడు ఆ ప్రాంతంలోని అత్యధిక గ్రామాలకు చినుకు పడదు. కనుక ఆ వాన వస్తుందన్న ఆశతో తడి వాయిదా వేయరాదు. అదే సూచన ఉన్నప్పుడు కల్లంలోని మిరపను కప్పకుండా వదలడమూ తగదు. కాయ తడిస్తే రంగు చెడి, బూజు పట్టి ధర పడిపోతుంది. టార్పాలిన్ పట్టాలకయ్యే ఖర్చు ఆ నష్టం ముందు స్వల్పం. సంభావ్యత రెండు సందర్భాల్లోనూ ఒకటే. పొరబడితే కలిగే నష్టం వేరు. నిర్ణయానికి ఆ నష్టమే ఆధారం కావాలి.

వేరుశనగలో రెండు వైపులా ప్రమాదం ఉంది. పీకిన కట్టె తడిస్తే కాయకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరుతుంది. పక్వమైన పంటను భూమిలోనే ఉంచితే, నిద్రావస్థ లేని గుత్తి రకాలు వాన తగలగానే మొలకెత్తుతాయి. కాబట్టి మొదటి రెండు రోజులు పొడిగా ఉంటాయని సూచించినప్పుడు, అందుబాటులోని కూలీలతో ఆరబెట్టి భద్రపరచగలిగినంత మేరకే పీకాలి. అరటికి ఈదురుగాలుల వార్త విన్నాక ఊతమివ్వడం ఆలస్యమే అవుతుంది. గెల వేసిన నాటి నుండే కర్రలతో ఊతమివ్వాలి.

చివరి గంటల జాగ్రత్త

మేఘం ఏర్పడిన తరువాత రాడార్, ఉపగ్రహ చిత్రాల ఆధారంగా రాబోయే మూడు గంటల తక్షణ సూచన వెలువడుతుంది. పిడుగుల జాడను 20, 40 కిలోమీటర్ల పరిధిలో దామిని యాప్ తెలుపుతుంది. ఉరుము వినిపించిన వెంటనే పొలం పని ఆపి, చెట్ల కింద నిలవకుండా పక్కా కట్టడంలోకి చేరాలి. పట్టాలు కప్పే పని అంతకు ముందే ముగియాలి. ఐదు రోజుల సూచనను బట్టి తడులు, కోతలు, కూలీలను సిద్ధం చేసుకోవడం, మూడు గంటల సూచనను బట్టి పంటను, ప్రాణాన్ని కాపాడుకోవడం ఈ మెట్ట ప్రాంతానికి తగిన పద్ధతి.