‘డిడ్ నాట్ వెంట్’ అన్నాను... అంతే!

ఆ ఇంటర్వ్యూ గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అమీర్‌పేటలో మూడు నెలలు కోర్సు చేసి, హాస్టల్ గదిలో అద్దం ముందు పదిసార్లు ప్రాక్టీస్ చేసి మరీ వెళ్లాను. ‘క్యాంపస్ డ్రైవ్‌కి ఎందుకు వెళ్లలేదు?’ అని అడిగారు. ఆ వారమే నాన్నకి ఆపరేషన్. అదే చెబుదామని ‘ఐ డిడ్ నాట్ వెంట్ సర్...’ అని మొదలెట్టా. ఎదురుగా ఉన్నాయన నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కున్నారు. అది చూశాక నాన్న సంగతి గొంతులోనే ఉండిపోయింది. జావా వచ్చు, లాజిక్ వచ్చు. ‘వెంట్’ దగ్గర మునిగిపోయా.

వారం తర్వాత ఇంకో చోటి నుంచి పిలుపొచ్చింది. భయమేసి మానేశా. రాత్రి అమ్మ ఫోన్.

‘ఇంటర్వ్యూకి వెళ్లావా నాన్నా?’

‘వెళ్లలేదమ్మా.’

అమ్మ ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేశాక నా మాటే నా చెవిలో తిరిగింది. వెళ్లలేదు. ‘వెళ్లానులేదు’ అని మనం ఎప్పుడైనా అంటామా? జరిగిపోయిన సంగతని ‘లేదు’ ఒక్కటే చెప్పేస్తోంది. ముందున్న ‘వెళ్ల’కి ఆ బరువే లేదు. ఇంగ్లిష్‌లో ‘డిడ్’ చేసే పనీ అదే! గతాన్ని అది మోస్తోంది కాబట్టి వెనకాల ‘గో’ మామూలుగానే ఉంటుంది. డిడ్ నాట్ గో. డిడ్ యు సీ? డిడ్ షీ కమ్? పదేళ్ల గ్రామర్ క్లాసుల్లో బుర్రకెక్కని ముక్క హాస్టల్ మంచం మీద ఎక్కింది.

‘గో, వెంట్, గాన్... ఇదేం భాషరా బాబూ’ అని తిట్టుకునేవాణ్ని. మరి మనదో? ‘రా’ అంటాం, ‘వచ్చాడు’ అంటాం, మళ్లీ ‘రాలేదు’ అంటాం. తెలుగు కొత్తగా నేర్చుకునేవాడు తల పట్టుకోడూ! మనకి మాత్రం ఎవరూ పట్టిక ఇచ్చి బట్టీ పట్టించలేదు. పొద్దస్తమానం విన్నాం, అన్నాం.

బాగా వాడే మాటలే ఇలా మొండిగా ఉండిపోతాయట. 2007లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో పాత ఇంగ్లిష్‌లోని 177 ఇర్రెగ్యులర్ వెర్బ్స్‌ని తీసుకుని చూశారు. వాటిలో ఇప్పటికీ అలాగే ఉన్నవి 98. మిగతావి చివర ‘ఈడీ’ తగిలించుకుని దారికొచ్చేశాయి. ‘హెల్ప్’కి కూడా ఒకప్పుడు ‘హోల్ప్’ అనే రూపం ఉండేది. తక్కువ వాడేవి తొందరగా మారాయి. రోజూ నోట్లో నానే గో, హావ్, బీ లాంటివి మాత్రం కదల్లేదు.

అందుకే ఏ నుంచి జెడ్ దాకా ఉన్న పట్టికని పక్కన పడేశా. రోజూ రాత్రి ఆ రోజు ఏం జరిగిందో రెండు నిమిషాలు వాయిస్ నోట్ చెప్పి, నాకు నేనే పంపుకున్నా. వోక్, ఏట్, కేమ్, స్లెప్ట్ అన్నీ వాటంతటవే వచ్చి పడ్డాయి. కట్, పుట్ అసలు మారవు, హాయి. ‘రీడ్’ స్పెల్లింగ్ మారదు గానీ గతంలో ‘రెడ్’ అని పలకాలి. ‘హావ్’ వెనక మాత్రం మూడో రూపమే: హావ్ గాన్, హావ్ సీన్, హావ్ డ్రంక్. (‘ఐ హావ్ డ్రంక్ వాటర్’ అంటే ఎవరూ తాగుబోతు అనుకోరు, భయపడకండి.)

రెండు నెలల తర్వాత మరో ఇంటర్వ్యూ. మళ్లీ అదే ప్రశ్న.

‘ఐ డిడ్ నాట్ గో, సర్. మై ఫాదర్ హాడ్ ఏ సర్జరీ దట్ వీక్.’

ఆయన ల్యాప్‌టాప్ మీంచి తలెత్తి, ‘ఇప్పుడెలా ఉన్నారు?’ అని అడిగారు. బాగున్నారని చెప్పా. తర్వాత జావాలోకి వెళ్లిపోయాం.