గల్ఫ్ పోయిన బిడ్డకు ఏమి పంపాలి? ఏమి పంపకూడదు?

మన ఓ.పి.లో బి.పి. చూపించుకోవడానికి వచ్చే తల్లులు తమ బాధ కంటే ముందు కొడుకు బాధ చెబుతుంటారు. "సిస్టరమ్మా, నా కొడుకు సౌదీ పోయి మూడు నెలలాయె. ఆడి రొట్టె మింగబుద్ధి అయితలేదంటున్నడు. ఏమన్న టానిక్ పంపాల్నా?" అని అడుగుతారు. టానిక్ సంగతి తరువాత చూద్దాం. అంతకన్నా ముఖ్యమైన సంగతులు కొన్ని ఉన్నాయి.

1970లలో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో పనులు మొదలైనప్పటి నుంచి తెలంగాణ జిల్లాల వాళ్ళు అక్కడికి పోతూనే ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి ఎక్కువ, మన వరంగల్, మహబూబాబాద్ వైపు నుంచి కొంత తక్కువ. పోయిన ప్రతి ఒక్కరికీ మొదట ఎదురయ్యేది కుబూస్. మైదా లాంటి తెల్ల గోధుమపిండిని పులియబెట్టి పెద్ద పొయ్యిలో కాల్చిన రొట్టె అది. చవకగా దొరుకుతుంది, మెత్తగా ఉంటుంది. కానీ జొన్నరొట్టె, మక్క గట్క తిని పెరిగిన నోటికి అది దూది నమిలినట్టే ఉంటుంది.

దీన్ని నాలుక పొగరు అనుకోవద్దు. మనం రుచి అనుకునే దానిలో చాలా భాగం వాసనే. ముక్కు నుంచి వచ్చే నరాలు మెదడులో జ్ఞాపకాలను, భావాలను చూసుకునే భాగాలకు దగ్గరగా చేరతాయి. అందుకే ఎల్లిపాయ కారం వాసన తగిలితే అమ్మ గుర్తుకు వస్తుంది, అది లేకపోతే ముద్ద దిగదు. మోషే వెంట అరణ్యంలో నడిచిన ఇశ్రాయేలీయులు మన్నా తింటూనే ఐగుప్తులోని చేపలను, దోసకాయలను, ఉల్లిగడ్డలను తలచుకొని ఏడ్చారని సంఖ్యాకాండము 11వ అధ్యాయంలో చదువుతాము. వాళ్ళకు తిండి లేక కాదు, అలవాటైన తిండి లేక.

అయితే అక్కడి అంగడిలో మన వంటలకు చుట్టాలు చాలానే ఉన్నాయి. ఈ మాట ఫోనులో మీ పిల్లలకు చెప్పండి. లబన్ అని అమ్మేది మన మజ్జిగ వంటిదే. కందిపప్పు దొరకని చోట ఎర్రపప్పుతో అరబ్బులు చేసే చారు ఉంటుంది. హమ్ముస్ అంటే శనగలే. మన చేన్లలో దానంతటదే మొలిచే గంగవాయిలి కూరను వాళ్ళు పచ్చిగానే సలాడ్‌లో వేసుకుంటారు. చింతపండును వాళ్ళు తమర్ హిందీ అంటారు, అంటే హిందూ దేశపు ఖర్జూరం అన్నమాట. మన చింతపండు మన కంటే ముందే అక్కడికి చేరింది! కుబూస్‌ను కూల్‌డ్రింకులో ముంచుకొని తిని పడుకునే కుర్రవాళ్ళు పప్పు, లబన్, ఒక ఉల్లిగడ్డ తోడు చేసుకుంటే ఒంట్లో బలం నిలుస్తుంది. మలబద్ధకానికి కూడా మందు బిళ్ళ కంటే ముందు పప్పు, కూర, నీళ్ళు పెంచి చూడాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఫూల్ అని చిక్కుడు జాతి గింజల కూర ఒకటి అక్కడ పొద్దున్నే తింటారు. అందరికీ మంచిదే. కానీ పుట్టుకతో జి-సిక్స్-పి-డి అనే ఎంజైమ్ తక్కువగా ఉన్నవారికి ఆ గింజలు పడవు. తిన్న ఒకటి రెండు రోజులలో మూత్రం డికాక్షన్ రంగులోకి మారి, కళ్ళు పచ్చబడి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మరొక మాట. "బెంగతో తింటలేడు" అని అన్నీ బెంగ మీదకు నెట్టవద్దు. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రం జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా టి.బి. పరీక్ష చేయించుకోవాలి. దాహం, మాటిమాటికీ మూత్రం, దాంతోపాటు బరువు తగ్గడం ఉంటే షుగర్ చూపించాలి. నిద్ర పట్టక, ఎవరితో మాట్లాడక, ఇష్టమైన వంట దొరికినా తినబుద్ధి కాకపోతే అది మనసుకు వచ్చిన జబ్బు కావచ్చు. దానికి పచ్చడి డబ్బా మందు కాదు. పిల్లవాడు ఫోనులో ఏమి తిన్నాడని అడిగినట్టే, ఎలా పడుకున్నాడని కూడా అడగండి.

ఇక డబ్బా సంగతి. మామిడికాయ తొక్కు, పుంటికూర తొక్కు పంపండి, కాదనను. కానీ తొక్కును నిలవ ఉంచేది ఉప్పు, నూనెలే. పెద్దవారు రోజుకు 5 గ్రాములకు, అంటే ఒక చిన్న చెంచాకు మించి ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కుబూస్‌లోనూ ఉప్పు ఉంటుంది. మూడు పూటలా తొక్కే కూర అయితే లెక్క ఎప్పుడో దాటిపోతుంది. కొడుక్కి బి.పి. ఉంటే తొక్కు సగం చేసి, అవిసె గింజల పొడి, పల్లీల పొడి ఉప్పు తగ్గించి పంపండి. సకినాలు, నువ్వుల ముద్దలు చాలా రోజులు ఉంటాయి. జొన్నపిండి మాత్రం గిర్ని పట్టించిన కొత్తది కొద్దిగానే పంపాలి. జొన్నలో గోధుమలో ఉండే సాగే జిగురు లేదు. పిండి పాతబడితే వేడి నీళ్ళు పోసి పిసికినా రొట్టె పగులుతుంది, చేదెక్కుతుంది. అక్కడి మన వాళ్ళ దుకాణాలలో జొన్నపిండి ప్యాకెట్లు దొరికితే అవే మేలు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచినది గసగసాల గురించి. మాంసం మసాలాలో మనం చిటికెడు వేసుకునే గసగసాలు యు.ఏ.ఇ., సౌదీ, సింగపూర్‌లలో నిషేధం. అవి నల్లమందు చెట్టు గింజలు. చెట్టు పాలు అంటుకోవడం వల్ల గింజల మీద మార్ఫిన్ లేశంగా ఉంటుంది. మనకు అది వంట దినుసు, అక్కడి చట్టానికి మత్తు పదార్థం. విమానాశ్రయంలో పట్టుబడితే అమ్మ పెట్టిందని చెప్పినా వినరు, జైలు దాకా పోవచ్చు. కావున మసాలా పొడి ఇంట్లో దంచినదైనా, ప్యాకెట్‌దైనా గసగసాలు లేవని చూసుకోవాలి. చిక్కదనం కావాలంటే నువ్వులు, పల్లీలు వేసి దంచండి, సరిపోతుంది. యు.ఏ.ఇ.కి తమలపాకులు కూడా తీసుకుపోరాదు. విమానంలో వేసే సామానులో ఎండు కుడుకలు ఒప్పుకోరు, వాటి నూనె త్వరగా అంటుకుంటుంది.

మందులూ అంతే. ట్రమడాల్ ఉన్న నొప్పి బిళ్ళలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, ఆల్ప్రజోలం వంటి నిద్ర బిళ్ళలు యు.ఏ.ఇ.కి తీసుకుపోవాలంటే అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి ముందుగా ఉండాలి. మెడికల్ షాపులో అడిగి కొన్న బిళ్ళలను కాగితంలో పొట్లం కట్టి పెట్టవద్దు. బి.పి., షుగర్ మందులైనా స్ట్రిప్పుతోనే, డాక్టరు చీటీతోనే పెట్టండి. చీటీ ఇంగ్లీషులో కావాలంటే ఓ.పి.లో అడిగితే రాసి ఇస్తారు.

పొరుగింటి వాళ్ళు "మా పిల్లవానికి గింత ముట్టచెప్పు బిడ్డా" అని ఇచ్చే మూట ఉంటుంది కదా. మొహమాటపడకుండా వాళ్ళ ముందే విప్పి, ఒక్కొక్క డబ్బా మూత తీసి చూసి సర్దుకోమని మీ పిల్లలకు చెప్పండి. మీరు ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడు కూడా లోపల ఏమేమి ఉన్నాయో కాగితం మీద రాసి, మూట మీద అతికించి ఇవ్వండి.