సంభారం, కల్తీ: కాఫీ బీరు నుండి పాలమూరు కల్లు దాకా

పులిసిన పానీయానికి బయటి రుచిని చేర్చడాన్ని తెలుగులో ఏమనాలి? ఇంట్లో బీరు తయారు చేసుకొనే అలవాటున్న దేశాలలో కొందరు అందులో కాఫీ కలుపుతారు. దీనిని 'కల్తీ' అనలేము. 'మిశ్రమం' అంటే అర్థం పలచబడుతుంది. ఇందుకు 'సంభారం' తగిన మాట. అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని సురాధ్యక్ష ప్రకరణం మైరేయాన్ని వివరిస్తూ, మేషశృంగి బెరడు కషాయానికి బెల్లం చేర్చి, పిప్పళ్లు, మిరియాలు సంభారంగా వేయాలంటుంది. మన వంటింటి 'సంబారాలు' ఈ పదానికి వికృతి రూపమే. గృహస్థులు శుభకార్యాలకు తెల్ల సురను ఇంట్లోనే చేసుకోవచ్చునని కూడా ఆ ప్రకరణం చెబుతుంది. నేడు తెలంగాణలో 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఆ పని నేరం.

కాఫీ విషయంలో కీలకమైనది వేళ. పులియడానికి ముందే కలిపితే, ఈస్టు విడుదల చేసే బొగ్గుపులుసు వాయువుతో పాటు పరిమళమూ ఎగిరిపోతుంది. మరిగిస్తే చేదు మిగులుతుంది. అందుకే ముతకగా దంచిన గింజలను చల్లని నీటిలో పన్నెండు నుండి ఇరవై నాలుగు గంటలు నానబెట్టి, వడకట్టి, పులియడం పూర్తయ్యాక, సీసాలలోకి పట్టే ముందు కలుపుతారు. కాఫీలోని నూనెలు ఎక్కువైతే నురుగు నిలవదు. స్టౌట్ వంటి నల్ల బీరుకు కాఫీ సులువుగా అతుకుతుంది. మాడ్చిన బార్లీకీ వేయించిన కాఫీ గింజకూ వాసన దాదాపు ఒకే రసాయనిక చర్య వల్ల పుడుతుంది.

ఈ పద్ధతి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల ఈత కల్లుకు, తాటి కల్లుకు వర్తించదు. బీరుకు పులియడం ఒకచోట ఆగుతుంది. కల్లు చెట్టు మీది లొట్టిలోనే పులవడం మొదలుపెట్టి, సాయంత్రానికి ఘాటెక్కి, ఆపై పులుపుకు తిరుగుతుంది. నింపాదిగా సంభారం వేయడానికి అందులో విరామమే లేదు. దాని రుచిని చెట్టు, లొట్టి, గీసిన వేళ నిర్ణయిస్తాయి. (లొట్టి లోపల సున్నం పూస్తే పులియదు, నీరా అవుతుంది, అది వేరే సంగతి.)

అయినా ఉమ్మడి పాలమూరులో కల్లులో కలుపుతూనే ఉన్నారు: క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలమ్. అలవాటుపడిన వారికి అది ఒక్కసారిగా దొరకకపోతే వణుకు, మూర్ఛ, మతి భ్రమించడం కనిపిస్తాయి. జనం దీన్ని 'మందు కల్లు' అంటారు. ఔషధాన్నీ మద్యాన్నీ ఒకే మాటతో పిలిచే మన భాషలో ఆ పేరు నేరాన్ని సగం దాచేస్తున్నది.

సంభారం నాలుకకు తెలుస్తుంది, కల్తీ తెలియదు అని నిర్వచించవచ్చునా? శాకరిన్ ఆ నిర్వచనాన్ని చెడగొడుతుంది. కల్తీ కల్లులో దాని తీపి నాలుకకు స్పష్టంగానే తెలుస్తుంది. కానీ అది కలిపేది మిగతా రసాయనాల రుచిని కప్పడానికి. కాబట్టి నిర్వచనం రుచి మీద ఆధారపడరాదు. ఏది, ఎందుకు కలిపారో తాగేవాడికి తెలిసి ఉన్నదే సంభారం.