సూర్యుడి ఫోటో మసకగా ఎందుకొస్తది? నిజాంసాగర్ గట్టు మీద ఫోకస్ ముచ్చట

ఈరోజు నిజాంసాగర్ గట్టు మీద ఉన్నం. ఇంత పొద్దున ఇక్కడికి ఎందుకొచ్చినమో చివర్ల చెప్తా. టెలిస్కోప్‌కి ఫోన్ పెట్టి సూర్యుడిని తీస్తే తెల్ల బిళ్ల లెక్క వస్తుంది, మచ్చలు కనిపిస్తలేవు. చాలామందికి ఇదే సమస్య.

ముందు కళ్ల సంగతి. సోలార్ ఫిల్టర్ టెలిస్కోప్ ముందు మూతికే ఉండాలె. ఐపీస్‌కి బిగించే చిన్న నల్ల అద్దాలు వేడికి పగులుతయి, వాటిని అస్సలు నమ్మొద్దు. మంచి సోలార్ ఫిల్మ్ లక్ష వంతుల వెలుగులో ఒక్క వంతునే లోపలికి వదుల్తది. అది గాలికి ఊడకుండా టేపు వేయండి. పక్కనుండే ఫైండర్‌కి కూడా మూత పెట్టండి. కంట్లో రెటీనా కాలినా నొప్పి తెలియదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్న.

ఇప్పుడు ఫోకస్. ఇక్కడ ఫోకస్ చేసేటోళ్లు ఇద్దరు: టెలిస్కోప్ నాబ్, ఫోన్ ఆటోఫోకస్. ఇద్దరూ ఒకేసారి పనిచేస్తే ఎవరి మాటా నిలవదు. ఫోన్‌ని ప్రో మోడ్‌లో పెట్టి, ఫోకస్‌ని కొండ బొమ్మ దగ్గర, అంటే ఇన్ఫినిటీలో ఆపేయండి. ప్రో మోడ్ లేకపోతే స్క్రీన్ మీద మచ్చని నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ లాక్ అయితది. తర్వాత వెలుతురు బాగా తగ్గించండి. ఇక తిప్పాల్సింది నాబ్ ఒక్కటే.

దేన్ని చూసి తిప్పాలె? చాలామంది సూర్యుడి అంచు చూస్తరు. అంచు గాలికి ఉడుకుతున్నట్టు కదుల్తది, మోసం చేస్తది. సూర్యమచ్చని పట్టుకోండి. మచ్చ నడుమ నల్లగా, చుట్టూ బూడిద రంగు అంచు ఉంటది. ఆ రెండూ విడివిడిగా కనిపించేదాకా నాబ్‌ని అటూ ఇటూ దాటించి మళ్లా వెనక్కి రండి. ఎండలో స్క్రీన్ కనబడదు కాబట్టి తల మీద టువ్వాల కప్పుకోండి. చూసేటోళ్లు నవ్వినా పర్వాలేదు.

అయినా మసకేనా? అయితే తప్పు మీది కాదు, గాలిది. డాబా మీద సిమెంటు వేడెక్కిందంటే వేడి గాలి పైకి లేస్తది, తారు రోడ్డు మీద కనిపించే ఎండమావి లెక్క. నీళ్లు అంత తొందరగా వేడెక్కవు. అందుకే 1975లో మొదలైన ఉదయపూర్ సోలార్ అబ్జర్వేటరీని ఫతేసాగర్ చెరువు నడుమ దీవి మీద పెట్టిన్రు. అమెరికాలో బిగ్ బేర్ సోలార్ అబ్జర్వేటరీ కూడా చెరువులోనే ఉంది. మనకు 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఉండనే ఉంది కదా! బోధన్‌లో సిమెంటు డాబా మీద కష్టపడే బదులు, నీళ్లు మీకూ సూర్యుడికీ మధ్య ఉండేటట్టు గట్టు మీద నిలబడండి. సూర్యుడు కొంచెం పైకొచ్చినంక, నేల కాగకముందు తీయండి.

ఒక్క ఫోటోతో ఆగొద్దు. అర నిమిషం వీడియో తీస్తే గాలి నిమ్మళించిన ఫ్రేములు కొన్నయినా దొరుకుతయి. కంప్యూటర్‌లో ఆటోస్టాకర్ట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాటినే ఏరి ఒక్కటి చేస్తది. ఎండకి ట్యూబు వేడెక్కితే ఫోకస్ జరుగుతది, అందుకే పది నిమిషాలకోసారి మళ్లా మచ్చ చూసి నాబ్ సరిచేయండి.