విశ్వం గురించి నమ్మేవి, కొలిస్తే తేలినవి

అపోహ: ఖాళీ ఆకాశంలో ఒకచోట బాంబు పేలినట్టు పేలి విశ్వం పుట్టింది.

ఈ పొరపాటుకు సగం కారణం బిగ్ బ్యాంగ్ పేరిట వేసే మంటల బొమ్మలే. 1,380 కోట్ల ఏళ్ల కిందట విశ్వమంతా విపరీతమైన వేడితో, సాంద్రతతో ఉండేది. అప్పటినుంచి స్థలమే సాగుతూ వస్తోంది. బయట ఉన్న ఖాళీలోకి ఏదో ఎగజిమ్మడం కాదది, అందుకే దానికి కేంద్రం లేదు. దూరపు గెలాక్సీలన్నీ మన నుంచే జరిగిపోతున్నాయి కదా అంటారు. ఏ గెలాక్సీలో ఉండి చూసినా ఇలాగే కనిపిస్తుంది.

అపోహ: అప్పుడు చూసినవాళ్లెవరూ లేరు, ఇదంతా ఊహే.

ఆనాటి వెలుగు ఇంకా మన దాకా వస్తూనే ఉంది. 1964లో న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్తలు ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్‌ల కొమ్ము ఆకారపు యాంటెన్నాలో ఒక సన్నని రొద పట్టుబడింది. ఎటు తిప్పినా, ఏ వేళైనా అదే రొద. లోపల గూడు కట్టిన పావురాలను వెళ్లగొట్టారు, రెట్టంతా శుభ్రం చేశారు. పోలేదు. విశ్వానికి సుమారు 3.8 లక్షల ఏళ్ల వయసప్పుడు బయల్దేరిన కాంతి, స్థలంతోపాటు సాగి సాగి మైక్రోవేవ్‌లుగా మారి ఆ రొదగా వారిని చేరింది. 1978లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

అయితే మొట్టమొదటి క్షణంలో ఏం జరిగిందో, అంతకుముందు ఏముందో బిగ్ బ్యాంగ్ సిద్ధాంతం చెప్పదు. శూన్యం నుంచి సృష్టి జరిగిందని సైన్సు రుజువు చేసిందనే మాటలో నిజం లేదు.

అపోహ: డార్క్ మ్యాటర్ లెక్క కుదరక కల్పించిన సర్దుబాటు.

ఈ మాట చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువగా వింటాం. సూర్యుడికి దగ్గరగా ఉన్న బుధుడు సెకనుకు సుమారు 47 కిలోమీటర్ల వేగంతో తిరిగితే, దూరాన ఉన్న నెప్ట్యూన్‌ది 5 కిలోమీటర్లు దాటి కొంచెం. గెలాక్సీ అంచుల్లోనూ వేగం ఇలాగే పడిపోవాలి. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీని కొలిస్తే పడిపోలేదు. అంచున ఉన్నవాటిని అంత వేగంలోనూ పట్టి ఉంచడానికి కనిపించే నక్షత్రాల ఆకర్షణ చాలదు. ఆ లోటు పూడ్చే, కంటికి కనిపించని పదార్థమే డార్క్ మ్యాటర్.

నాకు అన్నిటికన్నా బలంగా తోచే సాక్ష్యం బుల్లెట్ క్లస్టర్. అక్కడ రెండు గెలాక్సీ గుంపులు ఢీకొన్నాయి. మామూలు పదార్థంలో అధిక భాగమైన వేడి వాయువు మధ్యలో చిక్కుకుపోయింది. వెనకనుంచి వచ్చే కాంతి ఆకర్షణకు ఎక్కడ వంగుతోందో చూస్తే, బరువు మాత్రం ఎక్కువగా వాయువును దాటి ముందుకు సాగిన గెలాక్సీల దగ్గర ఉంది, అంటే అక్కడ కనిపించని పదార్థం ఉంది.

అపోహ: డార్క్ ఎనర్జీ, డార్క్ మ్యాటర్ ఒకటే.

కాదు. డార్క్ మ్యాటర్ దగ్గరికి లాగుతుంది. డార్క్ ఎనర్జీ విస్తరణను వేగవంతం చేస్తోంది, 1998లో సూపర్‌నోవాల (పేలిపోయే నక్షత్రాల) పరిశీలనలో ఇది బయటపడింది. విశ్వంలో డార్క్ మ్యాటర్ దాదాపు 27 శాతం, డార్క్ ఎనర్జీ 68. నక్షత్రాలు, గ్రహాలు, వాయువు, మనమూ కలిసి 5.

అపోహ: ఇన్నాళ్లయినా కణం దొరకలేదంటే డార్క్ మ్యాటర్ లేనట్టే.

అమెరికాలోని సౌత్ డకోటాలో, పాత బంగారు గనిలో దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల లోతున, టన్నులకొద్దీ ద్రవ జెనాన్ నింపి దానికోసం వెతుకుతున్నారు. ఇంకా దొరకని మాట నిజమే. కానీ దొరకడం ఆలస్యమైనంత మాత్రాన లేనట్టు కాదు. న్యూట్రినో అనే కణం ఉండాలని వోల్ఫ్‌గాంగ్ పౌలీ 1930లో లెక్క కట్టి చెప్పాడు, అది ప్రయోగంలో చిక్కింది 1956లో.