చిన్న స్టేషన్‌లో రైలెక్కేవారికి బెర్తు ఎలా?

దూరప్రాంతాల రైలులోని బెర్తులు అన్ని స్టేషన్లకూ ఒకే రాశిగా పోసి అమ్మేవి కావు. బయలుదేరే స్టేషన్‌కు పెద్ద వాటా, దారిలోని ముఖ్యమైన ఊళ్లకు చిన్న చిన్న వాటాలు, మిగిలిన స్టేషన్లన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి వాటా కేటాయిస్తారు. వీటినే రైల్వేలో కోటాలంటారు. ఒకే రైలు, ఒకే తేదీ. మొదటి స్టేషన్ నుంచి అడిగితే బెర్తు ఉందని, మధ్య స్టేషన్ నుంచి అడిగితే వెయిటింగ్ లిస్టని చూపడానికి కారణం ఈ పంపకమే.

కోల్‌కతాలోని భవానీపూర్ నుంచి శ్రీకాకుళం జిల్లా మందస దగ్గరి పల్లెకు వెళ్లి తిరిగొచ్చే ప్రయాణాన్ని తీసుకుంటే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. భవానీపూర్‌వాసికి గుమ్మంలో ఉన్నది మెట్రో రైలు. 1984 అక్టోబరు 24న దేశంలోని తొలి మెట్రో ఎస్ప్లనేడ్ నుంచి 3.4 కిలోమీటర్లు నడిచింది ఇక్కడికే. అప్పటి భవానీపూర్ స్టేషనే నేటి నేతాజీ భవన్. 2024 మార్చిలో హుగ్లీ నది కింది సొరంగంలో మెట్రో మొదలయ్యాక, ఎస్ప్లనేడ్‌లో బండి మారితే హౌరా స్టేషన్‌కే చేరుకోవచ్చు. అయితే దక్షిణాది రైళ్లలో కొన్ని షాలిమార్, సంత్రాగాచిల నుంచి నడుస్తాయి కాబట్టి, టికెట్ మీద ఏ స్టేషన్ పేరుందో ముందే చూసుకోవాలి.

మందస రోడ్డు స్టేషన్‌లో, హౌరా, సికింద్రాబాద్‌ల మధ్య నడిచే ఫలక్‌నుమా వంటి వేగపు రైళ్లు ఆగవు. హౌరా నుంచి దాదాపు 680 కిలోమీటర్ల దూరంలో ఉన్న పలాసలో దిగి, అక్కడి నుంచి పాసింజరు రైలో, బస్సో, ఆటోనో పట్టుకోవాలి. వెళ్లేటప్పుడు రైలు మొదలయ్యే చోటే ఎక్కుతారు కాబట్టి ఇబ్బంది తక్కువ. అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో ఉంది. సికింద్రాబాద్‌లో బయలుదేరిన రైలు రాష్ట్రమంతా దాటి పలాసకు వచ్చేసరికి బెర్తులు నిండి ఉంటాయి.

అప్పుడు చేతికొచ్చే వెయిటింగ్ లిస్టు టికెట్ మీద అంకె ఒక్కటే చూస్తే మోసపోతారు. దాని ముందున్న అక్షరాలను బట్టి ఆశ పెట్టుకోవాలి. జీఎన్‌డబ్ల్యూఎల్ అంటే సాధారణ కోటా జాబితా. బెర్తులు ఎక్కువ కాబట్టి రద్దయ్యేవీ ఎక్కువ, జాబితా చకచకా కదులుతుంది. ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ అంటే దారిలోని ఒక ముఖ్య స్టేషన్‌కు ఇచ్చిన వాటా మీద నడిచే జాబితా. పీక్యూడబ్ల్యూఎల్ అంటే ఎన్నో మధ్య స్టేషన్లవారు కలిసి పంచుకునే ఉమ్మడి కోటా జాబితా. ఈ చివరి రెండింటిలో మూలధనమే కొద్ది. ఆ కోటాలో టికెట్ తీసుకున్నవారు ఎవరైనా మానుకుంటే తప్ప జాబితా కదలదు. అందుకే సాధారణ జాబితాలో ముప్పైవ స్థానం ఖాయమైన రోజున కూడా, ఉమ్మడి జాబితాలో అయిదో స్థానం అక్కడే ఉండిపోవచ్చు.

చార్టు తయారయ్యాక కూడా వెయిటింగ్ లిస్టులోనే మిగిలిన ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దయి, డబ్బు ఖాతాకు తిరిగొస్తుంది. కౌంటర్‌లో కొన్న కాగితపు టికెట్ రద్దు కాకపోయినా, దానితో స్లీపరు, ఏసీ బోగీలు ఎక్కకూడదు. 2025 మే నుంచి ఈ నిబంధనను గట్టిగా అమలు చేస్తున్నారు. ఖాయమైన టికెట్‌కూ వెయిటింగ్ లిస్టుకూ మధ్యస్థమైన ఆర్‌ఏసీ సంగతి వేరు. దానితో దర్జాగా ఎక్కవచ్చు, కూర్చునే చోటు ఖాయం.

ఈ చిక్కుకు నియమాల్లోనే ఒక దారి ఉంది. రైలు మొదలయ్యే చోటు నుంచో, విశాఖపట్నం వంటి పెద్ద స్టేషన్ నుంచో టికెట్ తీసుకుని, ఎక్కే స్టేషన్‌గా పలాసను నమోదు చేయించుకోవచ్చు. దీన్నే బోర్డింగ్ పాయింట్ అంటారు. విశాఖ నుంచి తీసుకుంటే ఛార్జీ మాత్రం అక్కడి నుంచే కట్టాలి. విశాఖ, పలాసల మధ్య సుమారు 200 కిలోమీటర్లు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ఛార్జీ తగ్గుతుంది కాబట్టి, అదనంగా పడేది విడిగా అంత దూరానికి అయ్యే ఖర్చంత ఉండదు. బోర్డింగ్ పాయింట్‌ను తర్వాత మార్చుకునే వీలున్నా, టికెట్ కొనేటప్పుడే రాయించడం మేలు. అది రాయించకుండా పలాసలో ఎక్కితే కథ అడ్డం తిరుగుతుంది. విశాఖలో మనిషి రాలేదని టీటీఈ ఆ బెర్తును ఆర్‌ఏసీ ప్రయాణికుడికి ఇచ్చేస్తారు. ఒకసారి పలాసకు మార్చుకున్నాక మనసు మార్చుకుని విశాఖలోనే ఎక్కే హక్కు కూడా ఉండదు.

మందస రోడ్డు నుంచి పలాస వరకు కావలసింది అన్‌రిజర్వుడు టికెట్. కౌంటర్‌లోనే కాక 2025 జులైలో వచ్చిన రైల్‌వన్ యాప్‌లోనూ దాన్ని కొనవచ్చు. 200 కిలోమీటర్లలోపు ప్రయాణానికి ఈ టికెట్ ఆ పూటకే పనికొస్తుంది, ముందు రోజే కొని దాచుకునేందుకు లేదు. మరీ చిన్నవైన హాల్ట్ స్టేషన్లలో సాధారణంగా రైల్వే ఉద్యోగి ఉండరు, కమీషన్ మీద పనిచేసే ఏజెంటే టికెట్లు అమ్ముతారు. ఒకప్పుడు ఇలాంటి చోట్ల చేతిలో పెట్టే చిన్న అట్ట టికెట్ పుట్టింది కూడా చిన్న స్టేషన్‌లోనే. 1830ల చివర్లో ఇంగ్లండ్‌లోని మిల్టన్ స్టేషన్ మాస్టరు థామస్ ఎడ్మండ్‌సన్ వరస నంబర్లు వేసి దాన్ని తయారుచేశారు.

ఇక తేదీల లెక్క. చిన్న స్టేషన్లవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రిజర్వేషన్ 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. 2024 నవంబరు 1కి ముందు ఈ గడువు 120 రోజులు. ఈ 60 రోజులను ప్రయాణికుడు ఎక్కే రోజు నుంచి కాక, రైలు తన మొదటి స్టేషన్‌లో బయలుదేరే రోజు నుంచి లెక్కిస్తారు. మధ్యాహ్నం దాటాక సికింద్రాబాద్‌లో కదిలే ఫలక్‌నుమా పలాస చేరేది మర్నాడు. కాబట్టి పలాసవారికి బుకింగ్ ఒక రోజు ముందే తెరుచుకుంటుంది. ఎక్కే తేదీని బట్టి లెక్కవేసుకున్నవారు కౌంటర్‌కు వెళ్లేసరికి ఒక రోజు అమ్మకాలు అయిపోయి ఉంటాయి.

తత్కాల్‌కూ ఇదే సూత్రం. రైలు బయలుదేరే తేదీకి ముందు రోజు ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, స్లీపరుకు 11 గంటలకు అమ్మకం మొదలవుతుంది. ఒక టికెట్ మీద నలుగురికి మించి ఇవ్వరు. ఆన్‌లైన్‌లో కొనేవారు తమ ఖాతాకు ఆధార్‌ను ముందే జతచేసుకుని ఉండాలి. ఖాయమైన తత్కాల్ టికెట్‌ను రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదు.

సంక్రాంతికి ఊరొచ్చి, జనవరి 18న పలాసలో ఫలక్‌నుమా ఎక్కి కోల్‌కతా చేరాలనుకునేవారికి రైలు తేదీ జనవరి 17 అవుతుంది. తత్కాల్ తెరిచేది జనవరి 16న. మామూలు బుకింగ్ మొదలయ్యేది అంతకుముందు నవంబరు 18 ఉదయం 8 గంటలకు.