గడప దాటేముందే సంతకాలు

కాశీకైనా, కాలిఫోర్నియాకైనా... అరవై దాటినవాళ్లు బయలుదేరేలోగా సిద్ధం చేసుకోవాల్సిన కాగితాలేమిటి? ఏది ఎప్పుడు అక్కరకొస్తుంది, ఏది ఎక్కడ ఆగిపోతుంది?

కార్తీకంలో కాశీ, పౌర్ణమికి అరుణాచల గిరిప్రదక్షిణ, వేసవిలో చార్‌ధామ్, కూతురి పురిటికి డాలస్. మన పెద్దవాళ్లు ఇప్పుడు తిరుగుతున్నంతగా వాళ్ల అమ్మానాన్నలు తిరగలేదు. ప్రయాణం ఖాయమైందంటే ఇంటిల్లిపాదీ సర్దడం మొదలెడతారు. బీపీ మాత్రలు, మంకీ క్యాపు, కందిపొడి, ఆవకాయ... ఏదీ మరిచిపోరు. ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఏ బ్యాంకులో ఉన్నాయి, నామినీగా ఎవరి పేరుంది, ఆసుపత్రిలో చేరాల్సివస్తే నిర్ణయం ఎవరు తీసుకోవాలి అన్న సంగతులు మాత్రం ఎవరూ ఎత్తరు. వెళ్లేటప్పుడు అపశకునం మాటలెందుకని ఊరుకుంటారు. ఆ మౌనానికి మూల్యం చెల్లించేది పిల్లలే. భాష తెలియని ఊళ్లో, ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడి ఇంట్లో ఏ బీరువాలో ఏముందో ఫోన్లో వెతికించాల్సి వస్తుంది.

పెద్దవాళ్ల ప్రయాణంలో చట్టం కోణంలో చూడాల్సిన పరిస్థితులు మూడు. బాగానే ఉన్నా ఊళ్లో లేకపోవడం, ప్రాణంతో ఉన్నా మాట్లాడలేకపోవడం, అసలు లేకుండా పోవడం. మూడింటికీ వేర్వేరు కాగితాలున్నాయి. ఒకదాని పని ఇంకోటి చేయదు. అన్నీ తెలివిలో ఉండగా సంతకం చేస్తేనే చెల్లుతాయి.

ముందుగా పేరు సరిచూడండి

తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు మొదటి అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పెద్దవయసు స్త్రీలకైతే బ్యాంకు పుస్తకంలో పుట్టింటి పేరు, ఓటరు కార్డులో అత్తింటి పేరు. పుట్టిన తేదీ బడిలో రాసింది ఒకటి, ఆధార్‌లో ఎక్కింది మరొకటి. ఈ తేడాలను టికెట్ కొనకముందే దిద్దించుకోవాలి. 70 ఏళ్లు నిండినవారికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఆధార్‌లోని వయసే ప్రమాణం. పథకం అమలవుతున్న వేరే రాష్ట్రంలో, జాబితాలోని ఆసుపత్రిలో కూడా అది పనికొస్తుంది. కాబట్టి కార్డు తీసుకుని వెంట ఉంచుకోండి.

యాత్రను బట్టి కాగితాలూ మారతాయి. చార్‌ధామ్‌కు ముందస్తు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అమర్‌నాథ్‌కు గుర్తింపు పొందిన వైద్యుల నుంచి ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, 70 ఏళ్లు దాటితే అనుమతి లేదు. పశుపతినాథ్, ముక్తినాథ్ దర్శనానికి నేపాల్ వెళ్లేవారికి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉంటే ఇబ్బంది ఉండదు. విదేశాలకైతే పాస్‌పోర్టుకు కనీసం ఆర్నెల్ల గడువు మిగిలి ఉండేలా చూసుకోవడం మంచిది.

ఊళ్లో లేనప్పుడు

ఆర్నెల్లు అమెరికాలో ఉంటే ఇక్కడి అద్దెలు, పొలం కౌలు, కోర్టు వాయిదాలు ఎవరు చూస్తారు? నమ్మకమైనవారికి పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వాలి. అన్ని అధికారాలూ కట్టబెట్టే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) కంటే, ఫలానా ఆస్తికి ఫలానా పని అని స్పష్టంగా రాసే స్పెషల్ పవర్ మేలు. ఆస్తుల రిజిస్ట్రేషన్ పనికైతే దాన్ని సబ్ రిజిస్ట్రార్ ఎదుటే రాసివ్వాలి. అప్పటికే విదేశంలో ఉంటే భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి.

ప్రయాణం ముందు ఎవరైనా హడావుడిగా గిఫ్ట్ డీడ్ మీద సంతకం పెట్టమంటే ఆగండి. గిఫ్ట్ రిజిస్టరైతే ఆస్తి వెంటనే చేతులు మారుతుంది. ఇవ్వాలనే అనుకుంటే, మమ్మల్ని చూసుకోవాలన్న షరతు అందులో రాయించండి. షరతు తప్పినవారి నుంచి ఆస్తిని తిరిగి రాబట్టే వీలు 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ కల్పిస్తోంది.

పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్ గడువు గుర్తుపెట్టుకోవాలి. కేంద్ర పింఛనుదారులు ఏటా నవంబరులో ఇవ్వాలి, 80 ఏళ్లు దాటినవారు అక్టోబరు నుంచే ఇవ్వవచ్చు. ఈపీఎఫ్ పింఛనుదారులకు ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. లైఫ్ సర్టిఫికెట్‌ను ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో ఇప్పుడు ముఖ గుర్తింపుతో ఫోన్ నుంచే పని అయిపోతుంది. రాష్ట్ర పింఛనుదారులు తమ గడువును ట్రెజరీలో కనుక్కుని బయలుదేరాలి.

మాట్లాడలేని స్థితి వస్తే

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. జీపీఏ ఉంది కదా, నాన్నకు ఏమైనా అన్నీ నేనే చూసుకోవచ్చని కొడుకు అనుకుంటాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం సాధారణంగా రద్దయిపోతుంది. అంటే తండ్రి కోమాలోకి వెళ్లిన రోజున, సరిగ్గా అవసరమైన వేళ ఆ కాగితం అక్కరకు రాదు. కోమాలో ఉన్నవారి ఆస్తులకు సంరక్షకుణ్ని నియమించేందుకు ప్రత్యేక చట్టమేదీ లేక కుటుంబాలు హైకోర్టు మెట్లెక్కుతున్నాయి.

అందుకే వైద్య ఖర్చులకు సరిపడా సొమ్మును భార్యాభర్తల పేరిట లేదా నమ్మకమైన బిడ్డతో కలిపి, 'ఎయిదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో జాయింటు ఖాతాలో ఉంచాలి. ఇద్దరిలో ఎవరి సంతకంతోనైనా డబ్బు వస్తుంది. 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' అని ఉంటే మొదటి వ్యక్తి బతికుండగా రెండోవారు తీయలేరు. పాస్‌బుక్ తెరిచి ఏది రాసుందో ఇవాళే చూడండి.

వైద్య నిర్ణయాలకు వేరే పత్రం ఉంది. అదే ముందస్తు వైద్య నిర్దేశం, వాడుకలో లివింగ్ విల్. కోలుకునే ఆశ లేని స్థితిలో వెంటిలేటర్ లాంటివి కొనసాగించాలా వద్దా, తన తరఫున ఎవరు మాట్లాడాలి అన్నది అందులో రాస్తారు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు దీన్ని గుర్తించింది. మేజిస్ట్రేటు ధ్రువీకరించాలన్న నిబంధన వల్ల ఆచరణలో కష్టమైంది. 2023 జనవరిలో కోర్టు దాన్ని సడలించింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలు. అమెరికాలో పిల్లల దగ్గర ఉండేవారు ఆ రాష్ట్రం నమూనాలోనే మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వడం మేలు. సందర్శకులకు అక్కడి మెడికేర్ వర్తించదు కనుక, షుగరు, బీపీ, పాత ఆపరేషన్లు దాచకుండా చెప్పి బీమా తీసుకోవాలి.

మనం లేని రోజు కోసం

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద రాసి, సంతకం చేసి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టిస్తే హిందువులకు చెల్లుతుంది. సాక్షులుగా ఆస్తి పొందేవారిని పెట్టకండి. వయసు మీదపడినవారైతే రిజిస్టర్ చేయించడమే మంచిది, రేపు ఎవరైనా కాదంటే అది బలమైన ఆధారం. కదల్లేని స్థితి ఉంటే కారణం చూపి అధికారిని ఇంటికి రమ్మని కోరవచ్చు. ముస్లింలు సాధారణంగా వారసుల సమ్మతి లేకుండా ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు.

నామినీ అంటే వారసుడని చాలామంది భావన. నామినీ సాధారణంగా సొమ్ము అందుకునేవారు మాత్రమే, అసలు హక్కు వీలునామా లేదా వారసత్వ చట్టం తేలుస్తాయి. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే స్పష్టం చేసింది. బ్యాంకు డిపాజిట్లకు 2025 నవంబరు 1 నుంచి నలుగురు దాకా నామినీలను పెట్టుకోవచ్చు. చనిపోయినవారి పేరే ఇంకా నామినీగా ఉంటే మార్పించండి.

యాత్రలో మరణం సంభవిస్తే ఒక సంగతి తప్పక తెలిసి ఉండాలి. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి. కాశీలో పోతే ధ్రువపత్రం వారణాసిలోనే తీసుకోవాలి, సొంతూరి పంచాయతీ ఇవ్వదు. గడువు 21 రోజులు. ఆసుపత్రిలో అయితే ఆసుపత్రి, సత్రంలో అయితే సత్రం నిర్వాహకులు సమాచారం ఇవ్వాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. దుఃఖంలో అంత్యక్రియలు ముగించి తిరిగొచ్చేస్తే, ఆ ఒక్క కాగితం కోసం మళ్లీ అంతదూరం పోవాల్సి వస్తుంది.

ఏది ఎక్కడ ఉండాలి?

• వెంట: గుర్తింపు కార్డులు, ఆరోగ్య కార్డు, బీమా పాలసీ, మందుల చీటీ, అలర్జీలు, ఇద్దరు బంధువుల ఫోన్ నంబర్లు. మందులు అసలు ప్యాకింగులోనే ఉండాలి.
• ఇంట్లో: వీలునామా, ఆస్తి దస్తావేజులు, పవర్ పత్రం నకలు, బ్యాంకులు, లాకర్ల జాబితా.
• పిల్లల దగ్గర: లివింగ్ విల్ ప్రతి, అసలు పత్రాలు ఎక్కడున్నాయో చెప్పే చీటీ.
• పిన్ నంబర్లు, ఓటీపీలు ఎవరి దగ్గరా ఉండకూడదు.
• దేశంలో ఎక్కడ ఇబ్బందొచ్చినా వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

పిల్లలకు ఒక మాట. ఈ ప్రస్తావన మీరు తెస్తే ఆస్తి కోసమే అనుకుంటారేమోనని సంకోచించకండి. ముందు మీ వీలునామా, మీ నామినేషన్లు సరిచేసి చూపించండి, తర్వాత వాళ్లవి అడగండి. పెద్దలకు ఒక మనవి. సంతకం పెట్టే ముందు ప్రతి పత్రమూ చదివించుకోండి, అర్థం కాకపోతే మీరు ఎంచుకున్న లాయరునే అడగండి. తర్వాతి టికెట్ కొనేలోగా ఈ కాగితాలు పూర్తిచేయండి.